ముగ్గురు వాల్సాన్లు

మా వంశంలో చచ్చిన పిల్లవాడి పేరు వృథాగా పోనివ్వరు. తర్వాత పుట్టిన మగపిల్లవాడికి తగిలిస్తారు. ఫ్రాన్సు నుంచి ఓడెక్కి వచ్చిన మా ముత్తాతలు తెచ్చుకున్నదంతా తగలడిపోయింది కానీ, ఈ దరిద్రపు అలవాటు మాత్రం లూసియానా చిత్తడిలోనూ చెక్కుచెదరలేదు. నా కొడుకు క్లెబేర్ ఒకప్పుడు మా వంశం కూపీ లాగుదామని బయల్దేరాడు. అన్ని తరాల్లోనూ అవే పేర్లు. ఎవడు బతికినవాడో, ఎవడు పోయినవాడో తేలక విసుగెత్తి వదిలేశాడు.

మా తమ్ముడు వాల్సాన్‌కి ఆ పేరు అలాగే వచ్చింది. మా ఇద్దరికంటే ముందు పుట్టి, మూడేళ్ళకే జ్వరంతో పోయిన వాల్సాన్ ఒకడున్నాడు. అమ్మ వరండాలోంచి "వాల్సాన్" అని పిలిస్తే తమ్ముడు పరుగెత్తుకెళ్ళేవాడు. ఆమె వాడి తల మీదుగా కాలవ వైపు చూసేది. వచ్చింది వీడా అన్నట్టుండేది ఆ చూపు. నాకు ఒళ్ళు మండేది. వాడు మాత్రం మళ్ళీ పిలిస్తే మళ్ళీ పరుగెత్తేవాడు.

పోయేముందు అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, "నా బిడ్డని నా పక్కకి తీసుకురా" అంది. ఆమెను మెరక మీది కొత్త శ్మశానంలో పెట్టి, పక్కన చోటు వదిలాం. ఆ మొదటివాణ్ణి పెట్టిన పాత శ్మశానాన్ని సముద్రం ఏటా కొంత మింగుతోంది. ఇంకా ఆగితే లాభం లేదని ఈ ఏడు క్లెబేర్ తన రొయ్యల పడవ తీశాడు. తమ్ముడి ఒళ్ళో ఎముకలు పెట్టడానికి చిన్న చెక్కపెట్టె. తనే చేశాడు, అంచులు నున్నగా చిత్రిక పట్టి. డెబ్బై దాటిన మనిషి దారంతా దాన్నే నిమురుతూ కూర్చున్నాడు.

"దీన్ని అమ్మ పక్కన దించానంటే, అక్కా, ఇక ఈ పేరు నాదే."

"ఇన్నాళ్ళూ ఎవడిదనుకున్నావురా?" అన్నాను. నవ్వాడు.

పాత శ్మశానంలో మోకాళ్ళ లోతు నీళ్ళు. గడ్డి తొక్కుకుంటూ వెళ్తే చిన్న ఇనప సిలువలు కనబడ్డాయి. మూడు. మూడింటి మీదా వాల్సానే. తాతకి పేరిచ్చి పోయినవాడు ఒకడు, నాన్నకి పేరిచ్చి పోయినవాడు ఒకడు, మావాడు ఒకడు. ఏళ్ళు రాయలేదు మహానుభావులు. ఊరంతా చుట్టాలే, ఎవరెక్కడున్నారో అందరికీ తెలుసు, రాయడమెందుకని.

"ఏదమ్మా?" క్లెబేర్ పార పట్టుకుని అడిగాడు. "అమ్మమ్మతో నువ్వే వచ్చేదానివిగా."

వచ్చేదాన్ని. సకల పునీతుల పండక్కి సున్నం బకెట్ మోసేది నేనే. అమ్మ మూడు సిలువలకీ సున్నం పూసి, మూడింటి దగ్గరా ఏడ్చేది. పెద్దల మీద ఎంత భక్తో అనుకునేదాన్ని. నేను పుట్టకముందు తుఫానుకి సిలువలు కొట్టుకుపోతే, మగవాళ్ళు ఏరుకొచ్చి తోచినచోట గుచ్చారని నాన్న చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఒరేయ్, అమ్మక్కూడా తెలీదురా. ఏది తన బిడ్డదో తెలీకే ముగ్గురి దగ్గరా ఏడ్చింది."

తనకే తెలియనిది తమ్ముడి నెత్తిన పెట్టి పోయింది మహాతల్లి.

"మూడూ తవ్వేద్దాం మామయ్యా" అని క్లెబేర్ పార దించాడు. తీసిన బురద తీసినట్టే గుంటలోకి జారింది. మూడు చోట్లా నల్లటి బురదే. ఎముక లేదు, చెక్కపేడు లేదు. పోటు వస్తోందని చివరికి వాడే ఆపాడు.

తమ్ముడు ఖాళీ పెట్టెకి మూత వేసి పడవెక్కాడు. కొత్త శ్మశానం పక్కగా వస్తుంటే అమ్మ సమాధి వైపు చూశాడు.

"అక్కా, ఆ చోట్లో నన్ను పెట్టు."

"నోర్ముయ్. నీకంటే ముందు నేను పోతాను."

"సిలువ మీద వాల్సాన్ అని రాయించు. ఏళ్ళు మాత్రం రాయించకు. వాడే వచ్చాడనుకుంటుంది అమ్మ."

వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.