కత్తిరించని నీడ

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఫోటోలాయన సంగతి చెబుతాను.

ఆ పొద్దున కూడా ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కెమెరా మెడలో వేసుకుని, స్టూడియోకి బయలుదేరాడు. పొట్టి మనిషి, నున్నటి బట్టతల. ఏళ్ల తరబడి ఒంటికన్నుతో చూసిన అలవాటుకి ఎడమ కన్ను సగం మూసినట్టే ఉండిపోయింది. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు. "గడ్డం కాస్త కిందికి, నవ్వొద్దండీ" అని రోజంతా చెప్పీ చెప్పీ, ఆ విసుగంతా వీధిలో తీర్చుకునేవాడు. చెప్పులు కుట్టే అతని ఆవలింత, వాన వెలిశాక గుంటలో ఆకాశం, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయే పిల్ల... ఏది కనబడినా ఆగిపోవలసిందే.

ఎండ ఎప్పుడూ వీపున ఉండాలని పని నేర్పినాయన చెప్పిన మాట వేదవాక్కు. దాంతో ప్రతి ఫోటో అడుగునా ఈయన తల నీడ తగుదునమ్మా అని వచ్చి పడేది. ఇంటికొచ్చి కత్తెరతో ఆ ముక్క కత్తిరించేసేవాడు.

"ఊరందరి ఫోటోలూ తీస్తారు, మీది ఒక్కటీ లేదు. నీడనైనా ఉండనివ్వకూడదూ?" అని భార్య దెప్పేది.

"ఈ మొహానికి ఫిల్ము దండగే" అనేవాడు.

ఆయనకున్న కోరికల్లా ఒక్కటే, ఆవిడ నవ్వుని ఫోటో తీయాలని. ఆవిడకి ముందుపన్ను వంకర. నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం పడిపోయేది.

ఆ పొద్దున ఆవిడ వాకిట్లో తడి దుప్పటి ఆరేస్తోంది. రెండు చేతుల్లోనూ దుప్పటి కొసలే. ఆయన మెట్లు దిగి, ఎండకి వీపు పెట్టి, కెమెరా ఎత్తి, స్టూడియో గొంతుతో అన్నాడు.

"గడ్డం కాస్త కిందికి. నవ్వొద్దండీ."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది, పోండి" అంటూనే ఆవిడ పకపకా నవ్వేసింది. వదిలితే దుప్పటి మట్టిపాలు, వదలకపోతే పన్ను బట్టబయలు. వదల్లేదు. కెమెరా క్లిక్కుమంది.

సాయంత్రం ఆ ఫోటో కడిగి పట్టుకొచ్చాడు. కాళ్లు నేలమీద నిలవడం లేదు. ఆవిడ చాలాసేపు చూసింది.

"పన్ను కనబడుతోంది."

"అది కనబడాలనేగా ఇన్నాళ్లూ కాపు కాసింది."

"మీ తలకాయా పడింది. నా కాళ్ల దగ్గర, ఎంత బుద్ధిగా ఉందో."

"దాన్ని లేపేస్తాలే. ముందు కాస్త టీ తాగనీ" అని కత్తెర తీసి, తెరిచినది తెరిచినట్టే బల్లమీద పెట్టాడు.

ఆవిడ టీ తెచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. సగం మూసిన కన్ను ఇప్పుడు పూర్తిగా మూసుకుంది. మొహంలో పని ముగించుకున్నవాడి తీరిక. టీ మీద ఆవిరి కాసేపు ఆడి, అదీ ఆగిపోయింది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, ఫ్రేములు కట్టే అతను ఆ ఫోటో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిన్నీ, అడుగున నీడ పడింది. ఒక్క అంగుళం కోసేస్తే శుభ్రంగా ఉంటుంది."

"ఉన్నదున్నట్టే కట్టు నాయనా. ఆయన ఫోటో అదొక్కటే ఇంట్లో."

అంటూ నవ్వింది. చెయ్యి నోటిదాకా లేవబోయి, మధ్యలోనే ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగింది.

గుర్తుంచుకో తల్లీ. రేపు నువ్వు ఎవరికైనా చెప్పేటప్పుడు ఆ కత్తెరని మరిచిపోకు. గోడకున్న ఆ ఫోటో కింద, బల్లమీద ఆయన పెట్టినచోటే, ఇంకా నోరు తెరుచుకునే ఉంది.