గుండె ఎందుకు అలసిపోదు

మనసు వేరేచోట పెట్టుకుని చేసిన నివేదన దేవుడికి చేరుతుందా? కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉమాశ్రీకి ఈ సందేహం ఉంది. రోజూ అన్నం గిన్నె దేవుడి ముందు పెడుతుంది. మనసులో మాత్రం ఆ రోజు మెడికల్ కాలేజీలో చెప్పాల్సిన పాఠం తిరుగుతూ ఉంటుంది.

ఆ పొద్దున్న భర్త సూర్యప్రకాశం కాఫీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మీ కాలేజీలో థియరీ మళ్ళీ ఆన్‌లైన్ చేస్తారటగా. ఇష్టమైనవాళ్ళు ఇంట్లోంచే చెప్పొచ్చట. ఒప్పేసుకో. ఉద్యోగమూ ఉంటుంది, ఇంటిపనీ సాగుతుంది."

"ఫోనులో మాట్లాడ్డమేగా, చేతులు ఖాళీయే," అంది అత్తగారు వరహాలక్ష్మి, పువ్వులు కడుగుతూ.

చేతులు ఖాళీ. కరోనా నాడు ఆ ఖాళీ చేతులతోనే ఉమాశ్రీ పప్పు ఎసట్లో వేస్తూ రక్తప్రసరణ చెప్పింది. కుక్కరు కూతలు వినపడకుండా గొంతు పెంచితే, ఎందుకా అరుపులని భర్త విసుక్కునేవాడు. మామగారి తద్దినం రోజున మడి కట్టుకుని లాప్‌టాప్‌కి దూరంగా నిలబడి గుండె గురించి చెబుతోంది. వెంకటదుర్గ అనే అమ్మాయి ఏదో అడిగింది. బొమ్మ చూపించి చెబుదామని ఉమాశ్రీ చెయ్యి చాపిందో లేదో, వెనకనుంచి అత్తగారు, "మౌసు ముట్టుకున్నావు, మడి పోయింది. మళ్ళీ స్నానం చేసిరా, భోక్తలొచ్చే వేళైంది," అంది. మైకు ఆన్‌లోనే ఉంది. "తర్వాత చెప్తానమ్మా," అని ఉమాశ్రీ నూతి దగ్గరికి నడిచింది. ఆ జవాబు అలాగే బాకీ పడిపోయింది. ఆ ఏడాది నివేదన దేవుడికీ చేరలేదేమో, పాఠం పిల్లలకీ చేరలేదేమో.

మధ్యాహ్నం డిపార్టుమెంటు మీటింగులో హెడ్ మణిశంకర్, అప్పట్లో ఫోనులో చదివి ఇప్పుడు ఫైనలియర్‌కి వచ్చిన పిల్లల అభిప్రాయాలు చదివాడు.

"'జంగారెడ్డిగూడెం నుంచి బస్సు బాధ లేదు, ఆన్‌లైనే నయం.' 'అటెండెన్సు పడేది, నేను పడుకునేవాణ్ణి.' ఇది మీ గురించండోయ్ మేడం. 'ఉమాశ్రీ మేడం బోర్డు మీద గుండె గీస్తే జన్మలో మర్చిపోం. ఆన్‌లైన్‌లో మాకు గుర్తున్నది కుక్కరే.'"

అందరూ నవ్వారు. "మౌసుకి మడి ఉంటుందని మీవల్లే తెలిసిందండి," అన్నాడాయన. ఆయన క్లాసులు నిశ్శబ్దంగా ఉండేవని పిల్లలు మెచ్చుకున్నారు. ఆయన ఇంట్లోనూ కుక్కరుంది. దాని దగ్గర ఇంకెవరో ఉన్నారు.

చివరి కాగితం మీద పేరు లేదు. "'నా ప్రశ్నకి మేడం తర్వాత చెప్తానన్నారు. క్లాసులో అయితే చెప్పకుండా వెళ్ళేవారు కాదు.'"

ఎవరూ నవ్వలేదు.

"మీరు ఆన్‌లైనే కదండీ?" అన్నాడు మణిశంకర్, పెన్ను తీస్తూ.

"కాదండి. క్లాసుకే వస్తాను."

ఇంట్లో రేగబోయే గొడవ కళ్ళముందు మెదిలింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. లేచి, ఫైనలియర్ పిల్లలుండే వార్డు వైపు నడిచింది. వరండాలో స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని వెంకటదుర్గ కనబడింది.

"గుండె జీవితమంతా కొట్టుకుంటుంది కదా, ఎందుకు అలిసిపోదని అడిగావు."

ఆ పిల్ల సిగ్గుపడింది. "అయ్యో మేడం, ఆ పరీక్ష ఎప్పుడో పాసైపోయానండి."

"అయినా విను. కొట్టుకున్న ప్రతిసారీ కాసేపు ఆగుతుంది. ఒళ్ళంతటికీ రక్తం పంపే ఆ గుండె, తన వంతు రక్తం ఎక్కువగా తీసుకునేది ఆగినప్పుడేనమ్మా."