తలకి పదిహేను కిలోలు

పొన్నుతాయికి విమానం ఎక్కాలనుంది. ఆ సంగతి రాజపాళయంలో ఒక్కరికీ తెలియదు, కన్నకొడుక్కి కూడా. తెలిసేదెలా? నోరు తెరిచి చెబితే కదా! అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, నాకిది కావాలని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు ఆ మనిషి.

మనవరాలు యువశ్రీకి షిల్లాంగ్ కాలేజీలో సీటొచ్చింది. మదురైలో విమానం ఎక్కాలి. తండ్రి కామరాజ్‌కి మిల్లులో లీవు దొరకలేదు. తల్లి అఖిలాండానికి మదురై బస్సులోనే కడుపులో తిప్పుతుంది, విమానం మాటెత్తితే చాలు, నిమ్మకాయ కోసం వెతుక్కుంటుంది.

"అక్కడ సీనియర్ అక్క వచ్చి పిలుచుకొని పోతుంది. నేను ఒంటిగానే పోతాను" అంది యువశ్రీ. అందరూ సరేనన్నారు. ఇంట్లో పొన్నుతాయి అనే మనిషి ఒకతె ఉందని ఎవరికైనా తడితేనా! ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

అప్పుడే ఇంకో మాట చెవిన పడింది. "విమానంలో తలకి పదిహేను కిలోలే నాయనా. దానికి మించి ఏసుకోరు" అని పిల్ల తండ్రితో చెబుతోంది.

తలకి పదిహేను! అంటే బరువు పెరిగితే ఇంకో తల కావాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న తల ఏదయ్యా అంటే ఒకటే ఉంది. పొన్నుతాయి కొంగు చాటున నవ్వుకుంది.

"పెట్టె నేను సర్దుతాను" అంది.

ఎవరు కాదంటారు? పక్కూరు సత్రపట్టి మిల్లులో నలభై ఏళ్లు బ్యాండేజీ గుడ్డ చుట్టిన చేతులవి. చుడిదార్లు, స్వెట్టర్లు, కంబళి, ఏదిచ్చినా అరచేతుల కింద ఒత్తి ఒత్తి చుట్టేసింది. అన్నీ పెట్టినా పెట్టె సగం ఖాళీ. "అయ్యో, ఇంత చోటు ఉండాదే!" అంటూ అఖిలాండం మురుకులు తెచ్చింది, ఇడ్లీ పొడి తెచ్చింది, మూడు రకాల ఊరగాయలు తెచ్చింది. ఆవిడ వంటింట్లోకి మళ్లగానే పొన్నుతాయి తన చీరలు నాలుగు తీసుకొచ్చి, ఒక్కో చుడిదారులో ఒక్కోటి పెట్టి చుట్టేసింది. బరువుకి బరువు, తనకీ బట్టలు!

కామరాజ్ పక్క కొట్టు నుంచి కొక్కెం కాటా తెచ్చి పెట్టెను తూచాడు. ఇరవై మూడు.

"చూస్తివా? తోడు ఇంకో మనిషి పోవాల్సిందే" అంది పొన్నుతాయి, ఎంతో విచారంగా ముఖం పెట్టి.

"మనిషెందుకమ్మా? ఎనిమిది కిలోలు తీసేస్తే సరి" అని కామరాజ్ పెట్టె తెరిచాడు.

పొన్నుతాయి అడ్డుపడింది. "విప్పొద్దురా! ఎంత కష్టపడి చుట్టినాను!" అని అరిచింది. వింటేనా! పచ్చ చుడిదారు విప్పితే లోపల్నుంచి నీలం సుంగుడి చీర ఊడిపడింది. ఎర్రది విప్పితే గళ్ల చీర.

"అవ్వా, ఇవి నీ చీరలు కదా?" అంది యువశ్రీ.

పొన్నుతాయి సిగ్గుతో చచ్చిపోయింది. పొరపాటున కలిసిపోయాయని చెబుదామనుకుంది. నోరు మాత్రం మాట వినలేదు.

"నాకూ విమానం ఎక్కాలని ఉండాది రా" అనేసింది.

కామరాజ్ చేతిలోని చీర కింద పెట్టాడు. "ఒక మాట అడిగి ఉండొచ్చు కదమ్మా! ఎవురు వద్దనినారు?"

"వద్దనలేదు లే. వస్తావా అని కూడా ఎవురూ అడగలేదే."

కామరాజ్ తల దించుకున్నాడు. అఖిలాండం మాత్రం ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది. ఇక చూడండి, యువశ్రీ కూడా నవ్వుతూ "దొంగ అవ్వా!" అని ముసలామె మెడ వాటేసుకుని ఊపేసింది. పొన్నుతాయికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"తిరిగి వచ్చేటప్పుడు ఒంటిగా ఎట్లా వస్తావమ్మా?" అన్నాడు కామరాజ్.

"నలభై ఏండ్లు టౌన్ బస్సులో నిలబడి పోయి వచ్చినదాన్ని. కూర్చోబెట్టి తెస్తామంటే రాలేనా?"

యువశ్రీ ఫోను తీసి అవ్వ పేరు, వయసు కొట్టింది. "అదే విమానంలో సీటు ఉండాది అవ్వా! మనకి రెండూ పక్కపక్కనే. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి నడుమ. నీకు భయమైతే నువ్వు నడుమ..."

"కిటికీ నాకు కావాల" అని అడిగేసింది పొన్నుతాయి.