గాలంటే గిట్టని పురుగు

రంగమ్మాళ్ కుక్క పళ్లు కదిలిపోతున్నాయి. అరియాంకుప్పంలో ఆమె వేరుశనగ చేలకు కాపలా కాసే ఆ కుక్క పేరు సొల్దా. ఫ్రెంచి పటాలంలో చేరిన సిపాయిని పుదుచ్చేరిలో అలాగే పిలిచేవారు. అడవిపందికి ఎదురు నిలిచిన ఆ కుక్క ఇప్పుడు సంగటిముద్ద మింగాలన్నా మూలుగుతోంది. చిగుళ్ల నిండా నెత్తురు. నోరు తెరిస్తే కంపు.

ఆమె మేనల్లుడు ఆదికేశవన్ పట్నంలో వైద్యం చదివి, ప్రభుత్వ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచి పరీక్షించే పనిలో ఉన్నాడు. ఒక ఆదివారం అత్తను చూడడానికి వచ్చినవాడు కుక్క చిగురు కిందినుంచి కాస్త జిగురు గీకి, గాజుగొట్టంలో వేసుకుని సైకిలెక్కాడు. ప్రయోగశాలలో దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. పొట్టి కడ్డీల్లాంటి జీవులు, ఎటు చూసినా అవే! కానీ అదే జిగురును పళ్లెంలో జెల్లీ మీద రాసి వెచ్చగా ఉంచితే, ఏ నోట్లోనైనా ఉండే మామూలు గుండ్రటి పురుగులు తప్ప ఇంకేమీ పెరగలేదు. మళ్లీ తెచ్చాడు, మళ్లీ రాశాడు. కనబడేది ఒకటి, పెరిగేది ఇంకొకటి.

"పెంచి చూపించలేనిదాన్ని ఏ జబ్బుకూ కారణమని చెప్పడానికి వీల్లేదు," అన్నాడు ప్రయోగశాల పెద్దదొర.

అక్కడే పనిచేసే త్యాగరాజన్ ఆదికేశవన్‌కంటే పెద్దవాడు. పెద్ద యుద్ధంలో ఫ్రాన్సు వెళ్లి, సిపాయిల ఆసుపత్రిలో పనిచేసి వచ్చాడు. పళ్లేన్ని వెలుగుకెత్తి చూసి అడిగాడు.

"దీన్ని యాడనుంచి తెచ్చినావు, ఆదీ?"

"మా అత్త ఊరినుంచి, అణ్ణా. ఏరు దాటి, సైకిల్లో."

"అదీ సంగతి! దారిలోనే చచ్చింటుంది. గాలి తగిలితే చచ్చే పురుగులు ఉండాయి రా. యుద్ధంలో గాయాల్ని కుళ్లబెట్టినవి అట్లాంటివే. నేను కండ్లారా చూసినాను."

"నోట్లోకి గాలి పోదా?"

"నోట్లోకి పోతుంది. పంటికీ చిగురుకీ నడుమ ఆ సందులోకి యాడ పోతుంది?"

ఆదికేశవన్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "అట్లయితే గొట్టంలో తెచ్చేదేంది? కుక్కనే తెస్తా!"

కబురందిన మరునాడే రంగమ్మాళ్ బయల్దేరింది. ఏరు దాటాక, వెనకనుంచి మనిషి తోసే పుష్‌పుష్ బండి మాట్లాడుకుని, సొల్దాను పక్కన కూర్చోబెట్టుకుంది. బండివాడు గునిశాడు.

"దొరసానులు ఎక్కే బండమ్మా ఇది. కుక్కనా కూచోబెట్టేది?"

"నా పక్కన కూచుంది గానీ నీ నెత్తిన కూచోలేదు గదా! తొయ్యి అయ్యా, శీక్కిరం!" అని తొందరపెట్టింది.

ఒర్లియంపేట సందుల్లో జనం ఇళ్లలోంచి వచ్చి మరీ చూశారు. సొల్దా మాత్రం గవర్నరులా తలెత్తుకుని కూర్చుంది.

ప్రయోగశాలలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గొర్రె నెత్తురు కలిపి గడ్డకట్టించిన జెల్లీ పళ్లేలు, వెడల్పు మూతి గాజుజాడీ, దాని అడుగున గాలిలోని ప్రాణవాయువును పీల్చేసే మందు, మూతికి పూయడానికి కరిగించిన మైనం. రంగమ్మాళ్ నేలమీద చతికిలబడి కుక్క తల ఒళ్లో పెట్టుకుని రెండు దవడలూ విప్పి పట్టుకుంది.

"కదలొద్దురా నా బంగారం. ఒరే ఆదీ, చేసేదేందో బిర్నా చెయ్యి. ఇది కరిచినా నేను తిట్టను."

ఆదికేశవన్ సన్నటి కడ్డీని చిగురు సందులోకి దించి, తీసి, జెల్లీ మీద గీశాడు. త్యాగరాజన్ పళ్లేన్ని అందుకుని జాడీలోకి జార్చాడు. మూత, మైనం! అన్నీ ఒక్క ఊపులో అయిపోయాయి. అప్పుడు గానీ ఇద్దరూ ఊపిరి వదల్లేదు. జాడీని ఎతూవ్ అనే వెచ్చటి పెట్టెలో పెట్టారు.

మామూలు పురుగులైతే మరునాటికే కనబడతాయి. ఈ పళ్లెం మరునాడు బోసిగానే ఉంది, ఆ తర్వాతా అంతే. ఇంతలో ఊళ్లో వాంతిభేదులు మొదలయ్యాయి. బావినీళ్ల పరీక్షలకు పెట్టె కావాలి, జాడీ తీసెయ్యమన్నాడు దొర. త్యాగరాజన్ బతిమాలి, దాన్ని ఒక మూలకు జరిపి ఉంచడానికి ఒప్పించాడు. ఆదికేశవన్ రోజూ గాజుకు ముక్కు ఆనించి చూసేవాడు. కొన్నాళ్లకు తెల్లటి నలకలు లేచాయి. "అవే పాత గుండ్రటివి. గాలి లేక మెల్లగా లేచినాయి," అని నిట్టూర్చాడు. అయినా పారేయడానికి చేతులు రాలేదు.

వారం దాటాక ఒక ఉదయం పెట్టె తలుపు తీసినవాడు కేక పెట్టాడు.

"అణ్ణా! శీక్కిరం రా! నల్లగా, నల్లగా ఉండాయి!"

త్యాగరాజన్ పరుగెత్తుకొచ్చాడు. ఎర్రటి జెల్లీ మీద, తెల్ల నలకల పక్కనే, ఆవగింజకన్నా చిన్నవి, నిగనిగలాడే నల్లటి చుక్కలు! అలాంటివి ఇద్దరూ ఎన్నడూ చూడలేదు. గబగబా మైనం గీకి మూత తీశారు. గుప్పున కంపు కొట్టింది.

"సొల్దా నోరే!" అని ఆదికేశవన్ గంతేశాడు. ముక్కులు మూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

సూక్ష్మదర్శిని కింద అవే పొట్టి కడ్డీలు. దొర వచ్చి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తలెత్తి, పెట్టెలో పై అర మొత్తం వాళ్లదే అన్నాడు.

నల్లచుక్కను ఒంటరిగా కొత్త పళ్లెంలోకి మార్చి జాడీలో పెడితే పెరగలేదు. ఆదికేశవన్‌కు ఉన్నట్టుండి మొదటి పళ్లెం గుర్తొచ్చింది. నల్లవన్నీ తెల్లవాటి పక్కనే లేచాయి కదా! ఈసారి రెంటినీ పక్కపక్కన రాశాడు. తెల్లగీత పొడవునా నల్లచుక్కలు బారు తీరాయి. దానికి తోడు లేనిదే బతుకు లేదు!

"గాలికి చస్తుందంటే, ఆ గాలినే సందులోకి పంపుదాం," అన్నాడు త్యాగరాజన్. గాయాల మీద పోస్తే బుసబుస పొంగే మందునీళ్లు ఆసుపత్రిలో ఉన్నాయి. ఆ నురగంతా ప్రాణవాయువే. పూర్తిగా ఊగుతున్న పళ్లు పీకి, మిగతావాటి గార గీకి, నీళ్లు కలిపి పలచన చేసిన మందును చిగుళ్ల సందుల్లోకి చిమ్మారు. సొల్దా నోరంతా తెల్లగా పొంగింది.

"అయ్యయ్యో, పిచ్చికుక్క మాదిరి నురగ కక్కుతుందేందిరా!" అని రంగమ్మాళ్ హడలిపోయింది.

ఊడిన పళ్లు ఎటూ రావు. కానీ రోజూ అలా కడిగితే నెల తిరిగేసరికి నెత్తురు ఆగింది, కంపు తగ్గింది, మిగిలిన పళ్లు గట్టిపడ్డాయి. రంగమ్మాళ్ పట్టుబట్టి సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసింది. "ఇంతేనా? పందికి బెదరంది దీనికా లొంగింది!" అంది.

ఒక్క కుక్కలో దొరికితే చాలదన్నాడు దొర. ముదలియార్‌పేటనుంచి చెల్లప్పన్ అనే వడ్రంగి తన ముసలి కుక్కను నడిపించుకొచ్చాడు. అదే కడ్డీ, అదే జెల్లీ, అదే మైనం. ఈసారి తమకు ఓపిక అలవడిందని ఆదికేశవన్, త్యాగరాజన్ అనుకున్నారు గానీ, ఎవరికీ తెలియకుండా ఒకరి తర్వాత ఒకరు వెళ్లి పెట్టె తలుపు తీస్తూనే ఉన్నారు. చివరికి పెట్టె దగ్గరే ఒకరికొకరు దొరికిపోయారు. జాడీలో, తెల్ల నలకల అంచున, ఒక చుక్క గోధుమరంగునుంచి నలుపుకు తిరుగుతోంది.