బిస్కెట్ల పరీక్షకురాలి కొత్త దవడ

బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసి సరుకు పాస్ చేసే ఉద్యోగం ఆవిడది. కింది దవడ అర అంగుళం ముందుకు పొడుచుకు రావడంతో పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక పక్కనే నమిలేది. చివరికి సర్జన్ ఆ దవడ కోసి, వెనక్కి జరిపి, ప్లేట్లు బిగించాడు.

రెండు దవడలూ కలిపి కట్టేయడంతో ఆరు వారాలు నోట్లోంచి మాట రాలేదు, నోట్లోకి స్ట్రా తప్ప మరేదీ వెళ్ళలేదు. చూడ్డానికొచ్చిన పెద్దత్తయ్య, "అయ్యో, పుల్లలా అయిపోయావే తల్లీ" అని ముక్కు చీది, తను తెచ్చిన యాపిల్ పళ్ళన్నీ తనే కరకరా నమిలి వెళ్ళింది. పన్నెండేళ్ళ కాపురంలో తొలిసారి ఇంట్లో ఎదురుమాట వినపడక భర్త మురిసిపోయాడు. "ఈ ఆపరేషన్ ఎప్పుడో చేయించాల్సిందిరా" అని ఫోన్లో తమ్ముడితో అన్నాడు. ఆవిడ కాగితం మీద రాసి అతని ముఖం ముందు పెట్టింది: "బిగించింది దవడ. చెవులు కాదు."

ఏడో వారం ఫిజియోథెరపిస్ట్ అరటిపండు ముక్క చేతికిచ్చింది. "కుడి పక్క పదిసార్లు, ఎడమ పక్క పదిసార్లు. అద్దంలో చూస్తూ నమలండి."

నాలుక ఒక దారి, దవడ ఒక దారి పట్టాయి. పెదవి మొద్దుబారి ఉండటంతో గుజ్జు గడ్డం మీదికి జారినా తెలియలేదు. పాలపళ్ళ పిల్లలకు వచ్చిన విద్య, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ ఓనమాల నుంచి! ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడ్చి, మూతి తుడుచుకుని, రెండో ముక్క పెట్టుకుంది. అరటిపండు నుంచి బ్రెడ్డుకీ, బ్రెడ్డు నుంచి బిస్కెట్‌కీ రావడానికి మరో రెండు నెలలు పట్టింది.

ఈలోగా ఫ్యాక్టరీలో మేనేజరు ఆవిడ కుర్చీలో తన బావమరిదిని కూర్చోబెట్టాడు. అతను బిస్కెట్‌ను గుటుక్కున మింగి, "సూపర్" అని సంతకం పెట్టేవాడు.

ఆవిడ తిరిగొచ్చిన రోజు గేటు దగ్గర సరుకు లారీ నిండుగా, ఆవిడ సంతకం కోసం ఆగి ఉంది. బిస్కెట్ నోట్లో పెట్టుకుంది. కుడి పక్క పది. ఎడమ పక్క పది.

"ఒక్క బిస్కెట్‌కి ఇంతసేపా అమ్మా?" అన్నాడు మేనేజరు, గడియారం చూసుకుంటూ.

"వదిలెయ్ బావా, పాపం ఇప్పుడే పళ్ళొస్తున్నాయి" అని బావమరిది పకపకా నవ్వాడు.

ఆవిడ చెయ్యెత్తి ఆగమంది. తీపి కరిగిపోయాక, అడుగున ఏదో చేదు నాలుకకు తగిలింది. ఉమ్మేసింది.

"నూనె ముక్కిపోయింది. నూనె డబ్బాల మీద తేదీ ఎవరైనా చూశారా?"

బావమరిది నీళ్ళు నమిలాడు. నమలడం అతనికీ వచ్చునన్నమాట!

స్టోర్ రూమ్‌లో చూస్తే గడువు తీరి రెండు నెలలైంది.

"అంత నమిలి తినేవాళ్ళెవరమ్మా? టీలో ముంచి మింగేస్తారు" అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి.

"అయితే మీరే సంతకం పెట్టండి."

అతను పెన్ను వైపు చూశాడే గానీ ముట్టుకోలేదు. లారీలో సరుకంతా దించేసరికి సాయంత్రమైంది. అట్టపెట్టెలు మోసే వరసలో అందరికంటే వెనక, రొప్పుతూ, బావమరిది.

ఇంటికెళ్తుంటే దవడ సలపరం పెట్టింది. అయినా వీధి మొదట్లో ఉడికించిన మొక్కజొన్న కంకి కొనుక్కుని, గింజ గింజా ఒలుచుకుంటూ, రెండు పక్కలా నమిలింది. ఇంటి గుమ్మం వచ్చినా సగం కంకి మిగిలే ఉంది. బయటే నిలబడి పూర్తి చేసింది.