పడవ తాత మునిమనవరాలు

పళ్ల సెట్లు చేయడం ఆమె వృత్తి. డాక్టర్లు పంపిన దవడ అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంలో పళ్లు అమర్చి, ముక్కూ మొహం తెలియని వాళ్ల నవ్వులకు మెరుగు పెడుతూ ఇరవై ఏళ్లు గడిపింది. వాళ్లమ్మ పోయాక శనివారాలు ఏం చేయాలో తోచక, అమ్మ వంశం వెతుక్కుంటూ రికార్డాఫీసుకు వెళ్లడం మొదలుపెట్టింది.

వంశంలో పదిమందికీ చెప్పుకోదగ్గ మనిషంటూ ఉంటే అమ్మకు తాతగారే అయ్యుంటాడనుకుంది. ఇంట్లో ఆయన్ని పడవ తాత అనేవారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆమే అడగలేదు. పడవ తాతంటే పడవలు చేసినవాడు కాక మరేమవుతాడు? అమ్మ పుట్టింటివాళ్ల రేవు ఊరి కాగితాల్లో అదే ఇంటిపేరు, అదే పేరు గల పడవ వడ్రంగి కనపడేసరికి ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. నది దాటే లాంచీ బోల్తాపడిన రోజు ఆయన నీళ్లలోకి దూకి కొందరిని ఒడ్డుకు చేర్చి, మళ్లీ వెళ్లినవాడు తిరిగి రాలేదట. ఇంతకంటే మంచి ముత్తాత ఎవరికి దొరుకుతాడు?

పడవ తాత కొడుకు, అంటే అమ్మను కన్న తాతయ్య, సరిగ్గా ఏ ఏట పుట్టాడో ఆమెకు తెలియదు. ఆ కాలపు రిజిస్టరు మాత్రం తడిసిపోయి మరమ్మతుకు వెళ్లింది. "అది వచ్చాక చూసుకోండి, తొందరేముంది" అన్నాడు రికార్డుల గుమాస్తా. ఆమెకు తొందరగానే ఉంది.

వడ్రంగి తరఫు వాళ్లను వెతికి పట్టుకుంది. ఆయన మునిమనవరాలు లాండ్రీ నడుపుతోంది. ఇస్త్రీ బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి వేళ్లు మడిచి వరసలు కలుపుకున్నారు.

"మా అమ్మా, మీ నాన్నా అన్నాచెల్లెళ్ల వరస."

"అయితే నేను నీకు వదిన్ని. ఇన్నాళ్లూ ఎక్కడున్నావే?" అంటూ లాండ్రీ ఆవిడ మేడ మీదికి కేకేసింది. "నాన్నా, నీకో మేనకోడలు పుట్టింది!"

ఆ ముసలాయన నోట్లో ఒక్క పన్ను లేదు. మేనకోడలు ఆయన దవడ కొలత తీసుకుని సెట్టు చేసిపెట్టింది. తన తల్లికి ఉండేవి కదా అని కోరపళ్లను కాస్త వంకరగా అమర్చింది. ఆయన అద్దంలో చూసుకుని "అచ్చం మా నాన్న" అని మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే ఇంటి గడప దాటని మాట ఒకటి బయటపెట్టాడు. తాతగారి శవం దొరకలేదని, ఎప్పటికైనా వస్తాడని, నానమ్మ తాను పోయేదాకా వీధి తలుపు గడియ పెట్టనివ్వలేదట. పిచ్చిదంటారని ఇంట్లోవాళ్లు దాచారు.

"మనవాళ్ల దగ్గర దాపరికమేంటి" అని, తాతగారి ఉలి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మనలో చెక్కుడు పని చేసేది నువ్వొక్కదానివే, అమ్మాయ్."

చలి తగ్గుతుండగా రిజిస్టరు తిరిగొచ్చింది. గుమాస్తా పేజీ తీసి ఆమె ముందుకు జరిపాడు. తాతయ్య పేరు సరే. తండ్రి పేరూ సరే. తండ్రి చేసే పని దగ్గర మాత్రం 'కాటా గుమాస్తా' అని ఉంది. పుట్టిన తేదీ లాంచీ మునిగిన రెండేళ్ల తర్వాతిది.

"నీళ్లలో పోయినాయన రెండేళ్ల తర్వాత కొడుకుని కనడం కష్టమండీ," అన్నాడు గుమాస్తా. "ఆ రోజుల్లో ఆ పేరు వీధికిద్దరు."

తిన్నగా అమ్మకు అక్కయిన పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. ఎనభై దాటిన పెద్దమ్మ బఠాణీలు ఒలుచుకుంటోంది.

"పెద్దమ్మా, పడవ తాత పడవలు చేసేవాడా?"

"పడవలా? నీళ్లంటేనే ఆయనకు హడలు. ఆ పేరొచ్చింది కాళ్ల వల్లే తల్లీ! ఆ కాళ్లకు పట్టే బూట్లు బజారంతా గాలించినా దొరికేవి కావు. గుమ్మంలో విప్పితే రెండు పడవలు కట్టేసినట్టుండేది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా? వడ్రంగి, లాంచీ అంటుంటే ఎవరో మంచివాడి కథ చెబుతున్నావనుకున్నా."

"ఆయన ఎలాంటివాడు?"

"ఏముంది చెప్పడానికి? తూకాలు రాసేవాడు. రోజూ వేళకి ఇంటికొచ్చేవాడు."

నాలుగు రోజులు ఆమెకు పనిమీద చెయ్యాడలేదు. చెప్పకపోతే మునిగిపోయేదేమీ లేదు, ఎవరూ వెళ్లి రిజిస్టరు తిరగేయబోరు. అయినా ఇక మావయ్యా అని పిలిస్తే అబద్ధం ఆడినట్టే. ఐదో రోజు ఉలి సంచిలో పెట్టుకుని లాండ్రీ మేడ మెట్లెక్కింది.

ముసలాయన అంతా విన్నాడు.

"అయితే మీరు మాకేమీ కారన్నమాట," అన్నాడు.

ఆ 'మీరు' ఆమెకు సూటిగా తగిలింది. "కానండీ."

"నానమ్మ సంగతి మీకు చెప్పాను."

"ఎవరితోనూ అననండీ."

"అది కాదు. చెప్పేశాను కదా అని."

ఆమె ఉలి బల్ల మీద పెట్టింది. ఉంచుకోమంటాడేమోనని లోపల ఒక ఆశ. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కింద లాండ్రీ ఆవిడ దుప్పటి మడతపెడుతోంది. రెండు కొసలు ఆమెకు అందించింది. ఇద్దరూ దగ్గరకొచ్చి, దూరం జరిగి, మళ్లీ దగ్గరకొచ్చి మడత పూర్తిచేశారు.

"పై నుంచి అంతా వినబడింది," అంది లాండ్రీ ఆవిడ. "నాన్నది కోపం కాదు, సిగ్గు. తగ్గుతుందిలే."

"ఇప్పుడు నన్నేమని పిలుస్తావు?"

"వరస నోటికి అలవాటైపోయింది, ఇప్పుడెక్కడ మార్చుకోను? నువ్వూ వదినా అనే అను." ఇంకో దుప్పటి అందుకుంటూ అడిగింది. "మా ముత్తాత ఒడ్డుకు లాగినవాళ్లెవరో ఎక్కడైనా రాసుంటుందా?"

"విచారణ జరిగే ఉంటుంది. వెతకాలి."

"శనివారం కొట్టు మూసి నేనూ వస్తా."

మూడు శనివారాలు పట్టింది. విచారణ కాగితాల్లో నలుగురి వాంగ్మూలాలు దొరికాయి. అందులో ఒకావిడ, నీళ్లలో తన జుట్టు పట్టుకుని లాగిన మనిషి ఒడ్డున తనను పడేస్తూ క్షమించమన్నాడని చెప్పింది.

ముసలాయన ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

"వాళ్లకూ మనవలుంటారుగా. ఎక్కడున్నారో తెలిస్తే బాగుణ్ణు," అన్నాడు. నువ్వనీ అనలేదు, మీరనీ అనలేదు.

"చూస్తాను," అందామె.