కృతజ్ఞతకు అంగీకారం

"ఆ మెయిల్‌కి సరే కొట్టెయ్యవోయ్, క్షణం పని. నీ కోసం పందొమ్మిది దేశాలు ఆగాయి!" హాల్లోంచి భర్త కేక.

అత్తగారి పక్క దుప్పటి పిండుతున్న ఆమెకు ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. పందొమ్మిది దేశాల పండితులు రెండువందల పన్నెండుమంది సముద్రాలకు అటూ ఇటూ సంధులు చేసుకుని, మట్టిలోని సూక్ష్మజీవుల గుట్టు విప్పి, చివరికి ఈ ఇంటి స్నానాలగది గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డారన్నమాట!

మూడేళ్లపాటు ఒక దేశపు ఫలితం ఇంకో దేశపు ఫలితంతో కలిసింది లేదు. ఒకనాడు ఆమె మట్టి సీసాలు ఫ్రిజ్‌లోంచి తీసిందో లేదో, ప్రయోగశాలాధిపతి అయిన భర్త వచ్చి, "అమ్మ పక్క తడిపిందట, వెళ్లిరా. నాకు మీటింగుంది," అన్నాడు. రోడ్డు దాటి ఇంటికి పరుగెత్తి, కడిగి, మార్చి, తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు; సీసాలు బల్లమీదే ఉండిపోయాయి. చీవాట్లకు భయపడి గుట్టుగా కొలిచింది. అంకెలు సముద్రం అవతలివాళ్ల అంకెలతో అచ్చంగా కలిశాయి! మరో ముప్ఫైసార్లు పరీక్షించి చూసింది. నేడు 'తెరిచే ముందు నలభై నిమిషాలు బల్లపై ఉంచవలెను' అన్నది పందొమ్మిది దేశాలకు శిలాశాసనం. శాసనకర్త: భర్త.

శాస్త్రపత్రికకు పంపిన వ్యాసపు రచయితల జాబితాలో ఆమె లేదు. చిట్టచివరి పేజీలో, 'ఓపికగా తోడ్పడిన సహాయకురాలికి కృతజ్ఞతలు.' పేరున్న వ్యాసం ఒక్కటైనా ఉంటే తప్ప శాస్త్రవేత్త పదవికి దరఖాస్తు పెట్టనివ్వరు. ఈ నెలాఖరుతో ఆమెకు వయోపరిమితి దాటిపోతుంది.

నిన్న అడిగింది. "ఒకే ఇంట్లోంచి రెండు పేర్లంటే బయటివాళ్లు నవ్వరూ? నాది ఉంటే నీది ఉన్నట్టు కాదూ?" అన్నాడాయన. మంచంమీంచి అత్తగారు అందుకుంది: "వాడి పేరు కింద చల్లగా నీడుందిగా తల్లీ, ఎండలో పడతానంటావేం?"

అయితే పత్రికవారి మర్యాద గొప్పది. కృతజ్ఞతలు అందుకునేవారు కూడా లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలట. లేకపోతే వ్యాసం కదలదట. గడువు సాయంత్రం ఐదు.

తడిచేతులు చీరకు తుడుచుకుని ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు గడులు: అంగీకరిస్తున్నాను, అంగీకరించను. ప్రయోగశాల తలుపు తెరిచే కార్డు ఆయన సంతకంతో వచ్చిందే, రేపు ఉండదు. ఈ ఇంట్లో తన చోటు కూడా ఉంటుందో లేదో. వేలు రెండో గడిమీద పడింది.

"నొక్కావా?"

"నొక్కానండీ. కారణం రాయమంటున్నారు."

"కారణమా? దేనికి?"

కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు దగ్గరవుతున్నాయి. ఆమె తల ఎత్తకుండా మొదటి వాక్యం రాసింది:

'ఆ రోజు మా అత్తగారు పక్క తడిపారు.'